సెల్ఫ్ కొట్టని కారు: ఖర్చు పెంచుకునే పద్ధతి

సంక్రాంతికి రైల్లో ఊరెళ్లి, రెండు వారాలు అటే ఉండి, హైదరాబాదు తిరిగొచ్చారు. పొద్దున్నే సెల్లార్లోకి దిగి తాళం తిప్పారు. ఇంజన్ లేవలేదు. బానెట్ కింద నుంచి 'టక్' అని చప్పుడొచ్చింది. పొరపాటున కూడా దాన్ని చెవిన పెట్టకండి. పెడితే పది నిమిషాల్లో పని తేలిపోయి ఆఫీసుకు వెళ్లాల్సొస్తుంది.

ముందుగా తాళం మళ్లీ తిప్పండి. మళ్లీ తిప్పండి. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు, పళ్లు బిగబట్టి. సెల్ఫ్ మోటారు వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీలో మిగిలున్న కొసప్రాణం కూడా అలా తీసేస్తే, అది అంతకుముందు బాగానే ఉండేదా లేదా అన్న సందేహం ఎవరికీ రాదు.

ఒక్క 'టక్'కీ, 'టకటకటక'కీ తేడా ఉందని మెకానిక్కులంటారు. వాళ్ల లెక్క ఇదీ: తాళం తిప్పగానే సొలినాయిడ్ కాయిల్ ఒక ఇనప కడ్డీని లాగుతుంది. అది వెళ్లి రెండు రాగి పాయింట్లను కలిపితే మోటారుకు కరెంటు పోతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా, వైరు వదులుగా ఉన్నా, పాయింట్లు కలిసిన క్షణమే వోల్టేజీ పడిపోతుంది, కడ్డీని పట్టి ఉంచే బలం పోతుంది, స్ప్రింగు వెనక్కి తోసేస్తుంది. భారం తగ్గగానే వోల్టేజీ కోలుకుని మళ్లీ లాగుతుంది. అదీ ఆ టకటక. అలా కాక ఒక్కటే గట్టి 'టక్' వినిపించి, హెడ్‌లైట్లు మాత్రం ఏమాత్రం తగ్గకుండా వెలుగుతుంటే, తప్పు ఎక్కువగా సొలినాయిడ్ పాయింట్లదో, మోటారులో అరిగిన కార్బన్ బ్రష్షులదో అవుతుంది. లైట్లు వేసి తాళం తిప్పితే తెలిసిపోయే సంగతి ఇది. అన్నీ ఇలా తెలిసిపోతే అపార్ట్‌మెంటులో నలుగురు మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?

నలుగురూ ఈపాటికి వచ్చేసి ఉంటారు. రానివ్వండి. "పెట్రోలు ఉందా అసలు?" అని మూడో అంతస్తు రిటైర్డు బ్యాంకు ఆఫీసరుగారు అడుగుతారు. "సెన్సారు అయ్యుంటుందంకుల్, రీసెట్ కొట్టాలి" అని సాఫ్ట్‌వేరు అబ్బాయి ఫోన్లోంచి తలెత్తకుండా తేలుస్తాడు. పాత అంబాసిడర్‌కు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పిన రోజుల గురించి ఒకాయన మొదలెడతారు. చార్లెస్ కెట్టరింగ్ పుణ్యమా అని 1912 క్యాడిలాక్‌తోనే హ్యాండిల్ బాధ తగ్గడం మొదలైందనీ, ఆ హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్లు విరిగేవనీ ఆయనతో అనకండి. జ్ఞాపకాలు పాడవుతాయి.

"ఆ టెర్మినల్ ఓసారి చూడండి సార్" అని వెనకనుంచి వాచ్‌మన్ అంటాడు. అతణ్ణి నీళ్ల మోటారు ఆపి రమ్మని పంపించండి.

బానెట్ ఎత్తారు కాబట్టి బ్యాటరీ వంక చూడక తప్పదు. ప్లస్ కొమ్ము చుట్టూ తెల్లగా, అంచుల్లో పచ్చగా, పాత రాగిచెంబుకు పట్టిన చిలుములా పొడి పేరుకుని ఉంటుంది. క్లాంపును చేత్తో తిప్పితే అటూ ఇటూ తిరుగుతుంది. తిరగకూడదు. వేడినీళ్లలో కాస్త వంటసోడా కలిపి, మైనస్ వైరు ముందు విప్పి, ఆ పొడి కడిగి, తుడిచి, పది నంబరు పానాతో బిగించి, మైనస్ చివర్న తగిలిస్తే అక్కడితో కథ ముగిసే అవకాశం చాలా ఎక్కువ. అందుకే బంపర్‌కు కట్టిన నిమ్మకాయ ఎండిందేమో చూడండి. బ్యాటరీలోనూ యాసిడే, నిమ్మకాయలోనూ యాసిడే. మార్చాల్సింది ఏదో మీరే తేల్చుకోవచ్చు.

ఇక తోయించండి. సెల్లార్లోంచి పైకెళ్లాలంటే ర్యాంపు ఎక్కాలన్న సంగతి, బండి సగం ఎక్కాక అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. మీది ఆటోమేటిక్ అని అప్పుడు చెప్పండి. తోస్తే స్టార్టయ్యేది గేర్ల బండే కదా!

జంపర్ కేబుళ్లు తెచ్చినవాడి సలహా కూడా ఉంటుంది: ఎర్రవి ప్లస్‌లకు, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస మాత్రం మన ఇంజన్ మీద, బ్యాటరీకి దూరంగా, రంగులేని ఇనుముకు. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, చివరి క్లిప్పు నిప్పురవ్వ విసురుతుంది. ఈ ఒక్కచోట మాత్రం వెటకారం పక్కన పెట్టి చెప్పింది చెయ్యండి, కనుబొమలు మీవి. బండి స్టార్టయిందా? వెంటనే ఆఫ్ చేసి, కిందికి దిగి, అందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పండి. తర్వాత తాళం తిప్పండి. టకటకటక.

ఇప్పుడు మెకానిక్కును పిలవొచ్చు. కుర్రాడు వచ్చి, తాళం ఒక్కసారి విని, "బ్యాటరీ పోయింది సార్" అంటాడు. మీటరు పెట్టమని అడక్కండి. బండి ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ అయినట్టు, ఛార్జి చేసి మళ్లీ పరీక్షిస్తే గాని పోయిందీ లేనిదీ తేలదు అన్న చాదస్తం వద్దు. కొత్తది పెట్టించండి. పెట్టేటప్పుడు అతను అలవాటు కొద్దీ క్లాంపులు గీకి, తుడిచి, గట్టిగా బిగిస్తాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ లేస్తుంది. "చెప్పాను కదా సార్" అంటాడు. పాతది ఎక్స్ఛేంజ్ కింద అతని స్కూటీ మీద వెళ్లిపోతుంది కాబట్టి ఇక దాని తరఫున మాట్లాడేవాళ్లుండరు.

కొత్త బ్యాటరీ వారంటీ కార్డు జాగ్రత్తగా డ్యాష్‌బోర్డు అరలో దాచండి. అక్కడ పాతదాని కార్డు తగులుతుంది. దాని మీద తేదీ చూడకండి.