వారం ఒక్కటే కరెక్టు

మా పడవలో ఇంకా 2005వ సంవత్సరమే నడుస్తున్న రోజులవి. ఒక రోజు బయట జూన్ 14, 2025, శనివారం. పడవలో చుక్కాని పక్కనున్న, నీటి దారి పటం (చార్టు) చూపించే చార్ట్‌ప్లాటర్ తెర మీద అక్టోబర్ 29, 2005, శనివారం. ఆ లెక్కన నాకింకా పెళ్ళి కాలేదు. మాదాపూర్‌లో నలుగురం అద్దెకున్న గదిలో, కడిగే వంతు ఎవడిదో తేలక అంట్లు సింకులో నానుతున్నాయి. ఇంటి లోను లేదు, బీపీ బిళ్ళ లేదు. మా ఆవిడ ఆ తేదీ వంక కాసేపు చూసి, "దీన్ని మీరెందుకు మార్చరో ఇప్పుడు అర్థమైంది," అంది.

నిజానికి తప్పు యంత్రానిది కాదు, లెక్కది. జీపీఎస్ ఉపగ్రహాలు తేదీని వారాల్లో పంపిస్తాయి. పాత పద్ధతిలో ఆ వారం అంకెకి పది బిట్ల చోటే కేటాయించారు. అంటే 1,024 వారాలు నిండగానే మళ్ళీ సున్నా. 1980 జనవరిలో మొదలైన లెక్క 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి సున్నాకి వచ్చింది. కొత్త రిసీవర్లు సర్దుకున్నాయి. పాతవాటిలో కొన్ని పందొమ్మిదిన్నరేళ్ళు వెనక్కి జారి అక్కడే కూర్చున్నాయి. జారింది నిండు వారాల లెక్కన కాబట్టి శనివారం శనివారంగానే ఉంటుంది. అక్షాంశ రేఖాంశాలకీ ఢోకా లేదు. ఎక్కడున్నామో సరిగ్గా చెబుతుంది, ఎప్పుడున్నామో చెప్పలేదు. ఆటుపోట్ల వేళలు మాత్రం ఆ పాత తేదీవే చూపిస్తుంది. మేముండే అన్నాపోలిస్ దగ్గర పోటుకీ పాటుకీ తేడా సుమారు అడుగే కనక బతికిపోయాం.

పడవ సంగతి చెప్పలేదు కదూ. మేరీలాండ్‌లోని మా తెలుగువాళ్ళంతా శంషాబాద్ చుట్టుపక్కల ప్లాట్లు కొంటున్న ఏడాది, నేను చెసపీక్ బేలో ఒక ముసలి తెరచాప పడవ కొన్నాను. వాళ్ళ గజం ధర ఇప్పుడెంతో, నా పడవ ధర ఇప్పుడెంతో మా ఆవిడ నిద్రలో లేపినా చెబుతుంది. చెసపీక్ పొడుగు సుమారు 200 మైళ్ళు. చూడ్డానికి సముద్రమే గానీ సగటు లోతు 21 అడుగులే. మా పడవ అడుగు నాలుగడుగుల కిందికి దిగుతుంది. కాబట్టి ఇక్కడ తెరచాప ఎత్తడం వచ్చినవాడికన్నా లోతు తెలిసినవాడే గొప్పవాడు.

పడవతో పాటు ఆ చార్ట్‌ప్లాటర్ కూడా వచ్చింది. అరచేతికన్నా కాస్త పెద్ద తెర, రబ్బరు బొత్తాలు, పక్కన చార్టు కార్డు పెట్టే అర. మోకాళ్ళ నొప్పులతో పడవ అమ్మేసిన పెద్దాయన, తను గుర్తుపెట్టుకున్న చోట్లన్నీ అందులో వదిలేసి వెళ్ళాడు. చోటుకో గుర్తు, గుర్తుకో పేరు: పీతలు, మంచి లంగరు, దోమలు. ఒకదాని పేరు ఉట్టి 'వద్దు'. ఆ చోట చార్టులో తొమ్మిదడుగుల లోతుంది. నాలుగడుగుల పడవకి తొమ్మిదడుగులుంటే ఆయనకేం నొప్పో అనుకుని నేరుగా పోనిచ్చాను. బురదలో దిగబడి, లాగే పడవ వచ్చేదాకా కదల్లేదు. అంతసేపూ మా ఆవిడ ఒక్కటే ప్రశ్న: "చదవడం వచ్చు కదా మీకు?"

అప్పటినుంచీ నాకు చార్టు మీద అనుమానం పట్టుకుంది. కార్డు తీసి చూస్తే 2003 నాటిది. నీళ్ళలో ఏం మారుతుందిలే అనుకునేవాడికి చెసపీక్ చూపించాలి. ఇక్కడ షార్ప్స్ ఐలండ్ అని ఒకప్పుడు ఇళ్ళూ పొలాలూ ఉన్న దీవి ఉండేది. కోతకి గురై 1960 ప్రాంతానికి పూర్తిగా మునిగిపోయింది. 1882లో కట్టిన దాని లైట్‌హౌస్‌ని 1970లలో మంచుగడ్డలు పక్కకి తోసేస్తే, ఇప్పటికీ నీళ్ళ మధ్య ఒరిగి నిలబడే ఉంది. ఇంకోవైపు పాప్లర్ ఐలండ్. 1847లో వెయ్యెకరాలు దాటి ఉన్నది 1990ల నాటికి పదెకరాలైనా మిగల్లేదు. 1998 నుంచి బాల్టిమోర్ ఓడల దారిలో తవ్వి తీసిన మట్టిని తెచ్చిపోసి దాన్ని మళ్ళీ నిలబెడుతున్నారు. పోయినదంతా నిలబెట్టడమే కాక, ఉత్తరం వైపు కొత్తగా 575 ఎకరాలకి గట్లు కట్టారు. నా తెర మీద ఆ గట్ల మధ్యనుంచి హాయిగా పడవ పోనివ్వొచ్చు.

బాల్టిమోర్ వైపు వెళ్తే ఇంకో సంగతి. 2024 మార్చి 26 తెల్లవారుజామున ఓడ తగిలి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన కూలిపోయింది. పైన గుంతలు పూడుస్తున్న కార్మికుల్లో ఆరుగురు చనిపోయారు. నా ప్లాటర్‌లో ఆ వంతెన చెక్కుచెదరకుండా ఉంది, కింద 185 అడుగుల ఖాళీ అని కూడా రాసి ఉంది. దాన్ని చూసి ఇంట్లో ఎవరం నవ్వలేదు. మార్చాల్సిందేనని ఆ రోజు గట్టిగా అనుకున్నాను.

ఈ గోలంతా ఫోన్లో చెబితే మా నాన్న తేలిగ్గా తీసేశారు. "ఒరేయ్, లంకలో మన రెండెకరాలూ పాసుపుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయిరా. పొలం గోదాట్లో ఉంది. మీ అమెరికాలో కూడా అంతేనన్నమాట," అన్నారు. ఆయన గొంతులో కొంచెం సంతోషం కూడా వినబడింది.

అంతే కాదు నాన్నా, ఇక్కడ ప్రభుత్వం సరిగ్గానే ఉంది, నా దగ్గరున్న డబ్బాతోనే గొడవ అని చెప్పబోయి మానేశాను. అధ్యక్షుడు జెఫర్సన్ హయాంలో 1807లో మొదలైన తీర సర్వే నేడు నోవా అనే ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థలో భాగం. నోవా తన ఎలక్ట్రానిక్ చార్టుల్ని వారం వారం సవరించి, పైసా తీసుకోకుండా అందరికీ ఇస్తుంది. పాత కాగితం చార్టుల్ని ఆపేస్తామని 2019లో ప్రకటించి, తర్వాతి ఐదేళ్ళలో అన్నంత పనీ చేసింది. దేశం మొత్తానికి తాజా చార్టు ఉచితం. నా ప్లాటర్ మాత్రం దాన్ని ముట్టదు. తన కంపెనీ సొంత పద్ధతిలో అచ్చుకట్టి, సొంత కార్డులో పెట్టి, తాళం వేసి ఇస్తేనే చదువుతుంది. అలాంటి కార్డులు చెయ్యడం ఆ కంపెనీ ఏనాడో మానేసింది.

కంపెనీకి రాశాను. జవాబొచ్చింది. మొదటి పేరాలో నా చిరకాల నమ్మకానికి కృతజ్ఞతలు. రెండో పేరాలో, దురదృష్టవశాత్తు ఈ మోడల్‌కి సపోర్టు ముగిసింది. మూడో పేరాలో కొత్త మోడల్ మీద పదిహేను శాతం తగ్గింపు. చదివితే కోపం రావాలి. నాకు ముందు ముచ్చటేసింది. నేనైతే ఆ 'దురదృష్టవశాత్తు' కూడా తీసేసేవాణ్ణి.

ఎందుకంటే నా ఉద్యోగం అదే. పాతబడిన సాఫ్ట్‌వేర్లకి ముగింపు తేదీ పెట్టి, వాడుతున్నవాళ్ళకి ఆ సంగతి మర్యాదగా తెలియజెయ్యడం. ఈ మూడు పేరాల పద్ధతిలో ఈ ఊళ్ళో నాకన్నా బాగా రాసేవాడు లేడని మా మేనేజరు అంటాడు. "పాతదే బాగా పనిచేస్తోంది, మాకు అలవాటైపోయింది," అని కస్టమర్లు రాస్తారు. అలాంటి ఉత్తరాలకి మా టీములో ఒక ముద్దుపేరు కూడా ఉంది, ఇక్కడ చెప్పలేను. కంపెనీకి నేను మళ్ళీ రాసిన ఉత్తరంలో మొదటి వాక్యం: పాతదే బాగా పనిచేస్తోంది, నాకు అలవాటైపోయింది.

రెండో జవాబు రాలేదు. అది కూడా మా పద్ధతే.

దాంతో నాలో ఇంజనీరు మేల్కొన్నాడు. మా ఇంట్లో ఇది శుభవార్త కాదు. కంపెనీ వెబ్‌సైట్లో ఒక మూల ఆ ప్లాటర్‌కి ఆఖరి ఫర్మ్‌వేర్ ఇంకా వేలాడుతోంది. తేదీ సమస్య అందులో సరిచేశారేమోనని ఆశ. దాన్ని కార్డు మీదికి ఎక్కించే ప్రోగ్రాం నడవాలంటే విండోస్ ఎక్స్‌పీ కావాలి. దానికి సపోర్టు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. బేస్‌మెంట్లో, ఇండియా తీసుకెళ్ళడానికి దాచిన పాత చీరల సూట్‌కేసు కింద నా ఎక్స్‌పీ ల్యాప్‌టాప్ దొరికింది. చార్జరు వెంటనే దొరకలేదు. చార్జరు కోసం వెతుకుతుంటే రెండేళ్ళ క్రితం పోయిందనుకున్న ఇడ్లీ రేకులు దొరికాయి. ఆ రోజుకి ఇంట్లో నా మర్యాద నిలబడింది.

తర్వాత కార్డు. ఆ ప్లాటర్ రెండు జీబీల వరకే చదువుతుంది. అంతకన్నా పెద్ద కార్డుల పద్ధతి 2006లో వచ్చింది, అది దీనికి తెలీదు. ఇప్పుడు షాపుల్లో అరవై నాలుగుకి తక్కువ అడిగితే మనల్ని ఎగాదిగా చూస్తారు. చివరికి మా పాత కెమెరా కడుపులో ఒకటి ఉందని గుర్తొచ్చింది. అందులో మా అమ్మాయి అన్నప్రాశన ఫొటోలున్నాయి.

"దాన్ని ఫార్మాట్ చేస్తారా?" అంది మా ఆవిడ.

"కాపీ చేసుకున్నాకే."

"ఎన్ని చోట్ల?"

మూడు చోట్ల కాపీ చేశాక, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటీ చూస్తానంది. అలా ఆదివారం మధ్యాహ్నమంతా గడిచింది. అమ్మాయి కూడా వచ్చి కూర్చుంది. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం, డబ్బు ముందు పెడితే పిల్ల పాక్కుంటూ వెళ్ళి కలమే పట్టుకుందని పదమూడేళ్ళుగా చుట్టాలందరికీ చెబుతున్నాను. ఫొటోల్లో చూస్తే అది పట్టుకున్నది కెమెరా తాడు. కలం దాని చేతిలో పెట్టి పిడికిలి మూస్తున్న వేళ్ళు నావి.

"నాన్నా, డేటా మార్చేశావా?" అంది అమ్మాయి.

ఇంతకీ ఫర్మ్‌వేర్ ఎక్కింది. ప్లాటర్ ఓసారి నల్లబడి, మళ్ళీ వెలిగి, తేదీ చూపించింది: 2005. చేతిలో ఇంకో ఆశ మిగిలింది. ఎవరో వాడి అమ్ముతున్న 2011 నాటి చార్టు కార్డు ఇంటర్నెట్లో దొరికితే, ఎంతకి కొన్నానో ఇంట్లో చెప్పకుండా కొన్నాను. అర తెరిచి కార్డు పెట్టాను. ఈ కార్డు వేరే యంత్రానికి రిజిస్టరై ఉంది అని తెర మీద వచ్చింది. తీసి, ఉఫ్ మని ఊది, మళ్ళీ పెట్టాను. పాతికేళ్ళ సాఫ్ట్‌వేర్ అనుభవం ఉన్నవాణ్ణి కాబట్టి ఊదాను.

సరే, పాత కార్డే పెట్టుకుందామని చూస్తే అసలు దెబ్బ అప్పుడు తెలిసింది. ఫర్మ్‌వేర్ ఎక్కుతూ ఎక్కుతూ యంత్రాన్ని తుడిచేసింది. పెద్దాయన గుర్తులన్నీ పోయాయి. పీతలు పోయాయి, మంచి లంగరు పోయింది, దోమలు పోయాయి. ఫొటోల్ని మూడు చోట్ల కాపీ చేసిన ఇంట్లో ఆ గుర్తుల్ని ఒక్కచోట కూడా రాసిపెట్టుకోలేదు. చార్టు తప్పుగా ఉన్న చోట ఆయన ఏళ్ళ తరబడి తన పడవ అడుగుతో కొలిచి దిద్దుకున్న చార్టు అది. ఆ యంత్రంలో తాజాగా ఉన్నది అదొక్కటే. అప్‌డేట్ చేస్తానని దాన్నే చెరిపాను.

"'వద్దు' ఎక్కడుందో నాకు తెలుసు," అంది మా ఆవిడ.

ఆ రోజు బురదలో కూర్చున్నంతసేపూ ఆవిడ ఊరికే లేదు. ఎక్కడ ఇరుక్కున్నామో వాళ్ళక్కకి వాట్సాప్‌లో లొకేషన్ పంపింది, కింద నా గురించి రెండు ముక్కలు రాసింది. ఆ లొకేషన్ ఇంకా ఉంది. ఆ రెండు ముక్కలు నన్ను చదవనివ్వలేదు. ఫోన్లో నోవా తాజా చార్టు తెరిచి అదే చోట చూపించింది: మూడడుగులు. తేదీ కూడా ఆ సంవత్సరానిదే. "ఇన్నాళ్ళూ ఇది నా దగ్గరే ఉంది. మీరు అడగలేదు," అంది. సిగ్నల్ లేని చోట కూడా పనికొచ్చేలా బే మొత్తాన్ని ముందే దింపుకుందట. ఆ చార్టునే కావలసిన ముక్క వరకు మనమే అచ్చు వేసుకోవచ్చని చెప్పి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితాలు కూడా నా చేతికిచ్చింది.

కొన్నాళ్ళకి పడవలోకి కొత్త చార్ట్‌ప్లాటర్ వచ్చింది. ఆవిడే కొంది, ఆవిడ పేరు మీదే రిజిస్టర్ చేసింది. యజమాని అన్న చోట ఆవిడ పేరు, అతిథి అన్న చోట నాది. సవరణలొచ్చినప్పుడల్లా కబురు ఆవిడ ఫోన్‌కి వస్తుంది. అన్నం తినేటప్పుడు ఫలానా చోట బోయా మార్చారని నాకు చదివి వినిపిస్తుంది. కొత్త యంత్రంలో ఆవిడ పెట్టిన మొదటి గుర్తు 'వద్దు'. పాత డబ్బాని మాత్రం పీకనివ్వలేదు నేను. వారం చెప్పడానికి ఉంచుకున్నాను.

వృత్తిధర్మం కొద్దీ కొత్తదాని షరతులన్నీ చదివాను. యంత్రం జీవితకాలమంతా అప్‌డేట్లు ఉచితం అని ఉంది. మా ఆవిడ సంబరపడింది. ఆ జీవితకాలాన్ని తేల్చేది యంత్రం కాదని, ఏదో ఆఫీసులో నాలాంటివాడు కూర్చునే మీటింగని నేను చెప్పలేదు.

ఆ వారంలోనే మాకలాంటి మీటింగుంది. ఒక పాత సిస్టమ్‌కి గడువు పెట్టాలి. మామూలుగా నేను ఆర్నెల్లంటాను. ఈసారి రెండేళ్ళన్నాను. మేనేజరు ఆశ్చర్యపోయి కారణం అడిగాడు.

"వాళ్ళ గుర్తులు అందులో ఉన్నాయి. రాసుకోవడానికి టైం కావాలి," అన్నాను.

మేనేజరు సానుభూతిగా తలూపి, ఆర్నెల్లని రాసుకున్నాడు. ఉత్తరం మాత్రం నన్నే రాయమన్నాడు.