ఒక్క గీత

2013 జులై 31న న్యూజెర్సీలోని హొబొకెన్‌లో మాక్స్‌వెల్స్ మూతపడింది. వాషింగ్టన్ వీధి, పదకొండో వీధి కలిసే మూల మీద ఉండేది. ముందు గదిలో భోజనం, వెనక గదిలో పాట. ఆ వెనక గదిలో 200 మంది చేరితే చెయ్యి ఆడించడానికి చోటుండదు. బాంగోస్, ఫీలీస్ లాంటి న్యూజెర్సీ బృందాలు ఆ గదిలో వాయించి పెరిగాయి. స్ప్రింగ్‌స్టీన్ 'గ్లోరీ డేస్' వీడియోలో కొంత భాగం తీసింది కూడా అక్కడే. 1978 నుంచి నడిచిన ఆ చోటు మూసేస్తూ నిర్వాహకులు చెప్పిన కారణాల్లో పార్కింగ్ ఒకటి.

ఆ వార్త చదివి మా మేనల్లుడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వాడికి అప్పుడు ఇరవై ఏళ్లు. రట్గర్స్‌లో చదువుతూ ముగ్గురు స్నేహితులతో కలిసి బృందం పెట్టాడు. న్యూ బ్రన్స్‌విక్‌లో కుర్రాళ్లు అద్దెకుండే ఇళ్ల బేస్‌మెంట్లలో అప్పటికి ఏడాదిగా వాయిస్తున్నారు. ఎప్పటికైనా మాక్స్‌వెల్స్‌లో వాయించాలన్నది వాడి కోరిక.

వాడికి ఈ పిచ్చి పట్టించింది నేనే. వాడికి పదమూడో ఏట పవర్ పాప్ అంటే ఏమిటో చెప్పాను. బీటిల్స్ పాటలాంటి వరస, దాని కింద గట్టిగా మోగే గిటార్లు, మూడు నిమిషాల్లో పాట పూర్తి. 1967లో ద హూ బృందంలోని పీట్ టౌన్‌షెండ్ తమ పాటలకి ఆ పేరు పెట్టాడు. స్మిథరీన్స్ ఎవరో చెప్పి, వాళ్లలో ముగ్గురు పెరిగిన కార్టరెట్ చూపించడానికి కారులో తీసుకెళ్లాను. మేముండే ఎడిసన్ నుంచి అరగంట కూడా పట్టదు. మామూలు ఊరు, మామూలు హైస్కూలు. ఆ స్కూల్లో కలిసిన ముగ్గురు కుర్రాళ్లు పక్క ఊరివాడు ఇంకొకడితో కలిసి 1980లో ఆ బృందాన్ని మొదలుపెట్టారని చెబితే వాడు ఆ గేటు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

బిగ్ స్టార్ కథ కూడా చెప్పాను. మెంఫిస్ బృందం. 1972లో తొలి రికార్డు తెచ్చింది. పత్రికల వాళ్లందరూ మెచ్చుకున్నారు. కానీ రికార్డులు దుకాణాలకి సరిగ్గా చేరలేదు. కొన్నవాళ్లు కొద్దిమంది. మూడేళ్లు తిరక్కుండా బృందం చెదిరిపోయింది. తర్వాతి తరంలో ఆర్.ఇ.ఎం. లాంటివాళ్లు ఆ రికార్డులు విని ఎదిగారు.

"మెచ్చుకునేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు. బృందం బతికేది రెండోవాళ్ల మీద. ఊళ్లో బృందం వాయిస్తుంటే తలుపు దగ్గర పది డాలర్లు పెట్టి లోపలికి వెళ్లాలి. అదే నిజమైన అభిమానం" అని చెప్పాను. ఆ మాట వాడు తన నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్నాడు.

మా బావగారికి పాటల గొడవ తెలియదు. ఆయనది తెనాలి. ఘంటసాల తర్వాత ఎవరూ పాడలేదన్నది ఆయన అభిప్రాయం. కొడుకు గిటారు గదిలోంచి వినిపిస్తే "తలుపు వేసుకోరా" అనేవారు. అంతకుమించి ఒక్క మాట అనేవారు కాదు. కొనిపెట్టమన్న ఆంప్ కొనిపెట్టారు. ఎక్కడికి దింపమంటే అక్కడికి దింపేవారు. లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. బండి వదిలి రాననేవారు.

అక్టోబరులో ఒక గురువారం కుర్రాళ్లకి మాన్‌హట్టన్‌లో మొదటి అవకాశం వచ్చింది. లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఒక చిన్న క్లబ్బు. 2006లో మూతపడిన సీబీజీబీ క్లబ్బు ఉండిన బవరీ వీధి అక్కడికి నడిచివెళ్లే దూరం. ఆ రాత్రి నాలుగు బృందాలు. మావాళ్లది రెండోది, తొమ్మిదింటికి. ఒక్కొక్కరికి నలభై నిమిషాలు.

పెద్ద డ్రమ్ములు క్లబ్బులోనే ఉంటాయి. స్నేర్, సింబల్స్, గిటార్లు, ఆంప్‌లు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. అవన్నీ బావగారి సియెన్నా వ్యానులో వచ్చాయి. నేను మాన్‌హట్టన్ ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను. వెళ్లేసరికి కుర్రాళ్లు సామాను దింపుతున్నారు. బావగారు స్టీరింగ్ వదలకుండా కూర్చుని ఉన్నారు. చలికి స్వెటర్ చేతులు వేళ్ల దాకా లాక్కున్నారు.

"మీరూ రండి బావగారూ."

"పార్కింగ్ ఎక్కడుందయ్యా? ఈ వీధే తిరుగుతుంటాను. అయ్యాక ఫోన్ చెయ్యండి."

తలుపు దగ్గర ఎత్తు స్టూలు మీద ఒకతను కూర్చున్నాడు. ఒడిలో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం మీద నాలుగు బృందాల పేర్లు. వచ్చినవాళ్లందరినీ ఒకటే అడుగుతాడు, ఎవరి కోసం వచ్చారని. చెప్పిన పేరు ఎదురుగా గీత గీస్తాడు. మణికట్టు మీద ముద్ర వేస్తాడు. ఆ రాత్రి ముద్ర నీలం చేప. వేలెడంత పొడుగు, తోక కొద్దిగా వంకర. ఆ సిరా సబ్బుతో పోదు. రెండు రోజులుంటుంది.

ఆ గీతల మీదే బృందాల బతుకు. ఆ క్లబ్బు లెక్క ప్రకారం మొదటి పది గీతలు సౌండ్ మనిషి ఖర్చు కింద పోతాయి. పదకొండో గీత నుంచి తలకి అయిదు డాలర్లు బృందానికి. గీతలు తక్కువైతే మళ్లీ పిలవరు.

నన్నూ అడిగాడు. మా వాడి బృందం పేరు చెప్పాను. కాగితం తిప్పి చూసి, నా మణికట్టు మీద చేప వేశాడు.

కుర్రాళ్లు బాగా వాయించారు. మొదటి పాటలో కొంచెం తడబడ్డారు. రెండో పాటకి కుదురుకున్నారు. నాలుగో పాటలో గిటార్లు రెండూ ఆగిపోయి ముగ్గురి గొంతులు మాత్రమే వినిపించే చోటు ఒకటుంది. బేస్‌మెంట్లలో ఆ చోట ఎప్పుడూ శ్రుతి తప్పేది. ఆ రాత్రి తప్పలేదు. బారు దగ్గర మాట్లాడుకుంటున్న వాళ్లు తలలు తిప్పి చూశారు. స్టేజి ముందు వాళ్ల కాలేజీ స్నేహితులు గుంపుగా నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పాట అయిపోగానే పేర్లు పెట్టి అరిచారు. మా వాడి మొహం వెలిగిపోయింది.

పదకొండున్నరకి డబ్బు లెక్క. స్టూలు మీది మనిషి కాగితం చదివాడు.

"మొదటి బృందం పద్నాలుగు. మూడోది ఇరవై రెండు. నాలుగోది పంతొమ్మిది. మీది ఒకటి."

మా వాడు తప్పు విన్నాననుకున్నాడు. "మా వాళ్లే పన్నెండు మంది ఉన్నారు. స్టేజి మీంచి నేనే చూశాను."

అతను కాగితం తిప్పి చూపించాడు. వెనక వైపు పన్నెండు పేర్లు ఉన్నాయి. మా వాడి చేతిరాతే. తలా మూడు చొప్పున బృందం ఉచితంగా పిలుచుకోవచ్చు. సాయంత్రం వాడే రాసిచ్చిన జాబితా అది. పన్నెండు పేర్లకీ టిక్కు పడింది.

"జాబితాలో వాళ్లు డబ్బు కట్టరు. కట్టినవాళ్లకే గీత. మీ కోసం కట్టింది ఒక్కరు."

"ఎవరు?"

"డబ్బు చూస్తాను. మొహాలు చూడను."

రావలసింది సున్నా. మళ్లీ పిలుస్తారా అని వాడు అడగలేదు. అతనూ చెప్పలేదు.

బయటికొచ్చాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డ్రమ్స్ వాయించే కుర్రాడు అన్నాడు, "అంటే మనకి తెలియని మనిషొకరు మన పేరు చెప్పి పది డాలర్లు కట్టారన్నమాట." ఆ మాటతో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఎర్ర టోపీ పెట్టుకున్నావిడ అయ్యుంటుందని ఒకడన్నాడు. కాదు, గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని విన్న గడ్డమాయన అని ఇంకొకడు. మొదటి రికార్డు అట్ట మీద ఆ మనిషికి కృతజ్ఞతలు రాయాలని నలుగురూ అక్కడే ఒప్పందం చేసుకున్నారు. పేరు తెలియదు కాబట్టి 'ఆ ఒక్కరికి' అని రాద్దామనుకున్నారు.

మిగతా ముగ్గురూ రైలుకి పెన్ స్టేషన్ వెళ్లారు. సియెన్నా వచ్చింది. సామాను ఎక్కించాం. మా వాడు ముందు సీట్లో, నేను బావగారి వెనక.

"అయిందా? ఏమన్నా తిన్నావురా?" అన్నారు బావగారు.

వాడు జవాబివ్వలేదు. డాష్‌బోర్డు మీద నారింజ రంగు కవరు కనిపించింది. న్యూయార్క్‌లో ఆ రంగు ఏమిటో అందరికీ తెలుసు. తీసి చదివాడు. ఫైర్ హైడ్రెంట్ ముందు బండి ఆపినందుకు 115 డాలర్లు. టైము తొమ్మిదీ ఇరవై ఒకటి.

"బండిలోనే కూర్చుంటానన్నావుగా నాన్నా?"

"కాఫీకి దిగాను. పది నిమిషాలు."

కప్పు పెట్టే గుంట ఖాళీగా ఉంది. సీట్ల కింద కూడా కప్పు లేదు.

సొరంగంలో దిగేదాకా వాడు ఓర్చుకున్నాడు. తర్వాత ఆపుకోలేకపోయాడు. "రూపాయి రాలేదు నాన్నా. మళ్లీ పిలవరు కూడా. ఊరూ పేరూ తెలియని మనిషి మా కోసం పది డాలర్లు పెట్టి లోపలికొచ్చారు. మామయ్య ఆఫీసు నుంచి అలిసిపోయి కూడా వచ్చాడు. నువ్వు మాత్రం తలుపు దాకా రాలేవు. పార్కింగ్, పార్కింగ్. మాక్స్‌వెల్స్‌ని చంపింది కూడా నీలాంటి వాళ్లే."

బావగారు అద్దంలోంచి వెనక లారీని చూసుకుని లైను మారారు. "నిజమేరా, రావాల్సింది" అన్నారు.

వాడు కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి, వాడి పాట వరస ఒకటి సన్నగా వినిపించింది. నాలుగో పాట, గొంతులు మాత్రమే మిగిలే చోటు. వాడు పాడుతున్నాడనుకున్నాను. వాడి పెదవులు కదలడం లేదు. ఆ వరస ఆగిపోయింది. వాడు కళ్లు తెరిచి పక్కకి చూశాడు. బావగారు రోడ్డు వైపే చూస్తున్నారు.

టర్న్‌పైక్ మీద పదో ఎగ్జిట్ దగ్గర టోల్ కట్టాలి. బావగారు అద్దం దించి ఎడమ చెయ్యి బయటికి చాపారు. బూత్ కాస్త దూరంగా ఉంది. ఇంకొంచెం చాపారు. స్వెటర్ చెయ్యి మోచేతి వైపు జరిగింది. బూత్ దీపం నేరుగా మణికట్టు మీద పడింది.

నీలం చేప. తోక కొద్దిగా వంకర.

మా వాడు చూశాడు. నేనూ చూశాను. బావగారు చిల్లర తీసుకుని, లెక్క చూసుకుని, అద్దం ఎత్తారు.

వాడి జాబితాలో వాళ్ల నాన్న పేరు లేదు. ఎలాగూ రారని రాయలేదు.

ఆ పన్నెండు పేర్లలో మొదటిది నాది.