రెండు నిమిషాల వైకల్యం

మన మాల్స్‌లో, ఆసుపత్రుల్లో ఓ వింత జబ్బు ప్రబలింది. నేల మీద నీలిరంగు చక్రాల కుర్చీ బొమ్మ కనబడగానే దుక్కలాంటి మనిషికీ కాళ్లు పడిపోతాయి, బండి అక్కడే ఆగిపోతుంది. లోపలికెళ్లి ఎస్కలేటర్‌పై రెండేసి మెట్లెక్కేసరికి జబ్బు మాయం! అడిగితే ‘రెండు నిమిషాలే కదా’ అంటారు. మామూలు పార్కింగ్ గడి వెడల్పు రెండున్నర మీటర్లయితే, దివ్యాంగుల గడి 3.6 మీటర్లు ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ అదనపు మీటరు దర్జా కోసం కాదు. కారు తలుపు బార్లా తెరిచి, చక్రాల కుర్చీని పక్కన నిలిపి అందులోకి జరగడానికి. ఇంకోచోట ఆపుకోమంటే చక్రాల కుర్చీ వాడే మనిషి దూరం నడవడం మాట అటుంచి, అసలు కారే దిగలేడు.

‘ఎప్పుడూ ఖాళీగానే ఉంటుందిగా’ అన్నది మరో వాదన. ఫైరింజనూ రోజంతా ఖాళీగానే ఉంటుంది, కూరగాయలకు తీసుకెళ్దామా? ‘నడుస్తున్నవాళ్లూ అక్కడ ఆపుతున్నారే’ అనే ఫిర్యాదును మాత్రం కొట్టిపారేయలేం. అయితే 2016 నాటి చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో తలసీమియా, పార్కిన్సన్స్ కూడా ఉన్నాయి. అవి నడకలో కనబడాలనేం లేదు. కాబట్టి సెక్యూరిటీ సోదరా, నడక చూసి తీర్పు చెప్పకు, గుర్తింపు కార్డు అడుగు. పెద్ద కారు హారన్ కొట్టగానే పరుగున వెళ్లి ఆ గడికి అడ్డంగా పెట్టిన కోన్ తీసేయకు.