సెకండ్ హ్యాండ్ కారు: కొని, మేపి, అంటగట్టే విధానం

కొత్త కారు కొనడానికి డబ్బుంటే చాలు. పాత చిన్నకారు కొనడానికి తెలివి కావాలి. శాంత్రో, ఆల్టో, వ్యాగన్ఆర్, ఐ10, ఇండికా, ఏదైనా సరే, కింద చెప్పినవి వరసగా పాటించండి. కొన్నేళ్లు తిరిగేసరికి కారు మీ గేటు ముందు కదలకుండా నిలబడుతుంది. తప్పు మాత్రం ఊళ్లో అందరిదీ అవుతుంది, మీది తప్ప. ఇంతకు మించి సుఖం లేదు.

1. ముందు రంగు చూడండి. ఇంజిన్ బానెట్ కింద ఉంటుంది, ఎవరికీ కనపడదు. రంగు వీధి మొత్తానికీ కనపడుతుంది. తరవాత నంబరు ప్లేటు మీది అంకెలు కూడండి. మొత్తం 9 వచ్చిందా, ఇక అడగాల్సిందేమీ లేదు. అడ్వాన్సు ఇచ్చేయండి.

2. పొద్దున్నే వెళ్లకండి. అమ్మేవాడికి ముందుగా ఫోన్ చేసి, "సాయంత్రం ఆరున్నరకు వస్తున్నాం, బండి కాసేపు స్టార్ట్ చేసి ఉంచండి" అని మీరే చెప్పండి. రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్‌కు నిజాలు చెప్పే జబ్బు ఉంది. మొదటి స్టార్టుకు ఎంతసేపు గింజుకుంటుందో, ఏం పొగ వదులుతుందో అప్పుడే బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందనీ, బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి కారుతోందనీ, నల్లపొగయితే పెట్రోలు ఎక్కువ మండుతోందనీ మెకానిక్కులు అంటారు. దీపాలు పెట్టే వేళ వెళ్తే మూడూ ఒకటే రంగు.

3. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లకండి. ఐదొందలు అడుగుతాడు. బామ్మర్దిని తీసుకెళ్లండి, బిర్యానీతో సరిపోతుంది. బామ్మర్ది చేయాల్సిన తనిఖీలు మూడు: టైరును కాలితో తన్నడం, డోరు గట్టిగా వేసి ఆ చప్పుడు వినడం, బానెట్ ఎత్తి "ఇంజిన్ నీట్‌గా ఉంది బావా" అనడం. పాత కారు ఇంజిన్ అంత నీట్‌గా ఎందుకుందని ఆయనగానీ మీరుగానీ అడగకూడదు. నిన్న సాయంత్రం నీళ్లు కొట్టి డీజిల్‌తో తుడిచారన్న ఆలోచన మర్యాదస్తులకు రాదు.

4. మీటరును నమ్మండి. 2011 మోడల్ కారుకు 38,000 కిలోమీటర్లు చూపిస్తోందా? చూపిస్తుంది. బ్రేకు పెడల్ రబ్బరు అరిగి ఇనుము తేలిందంటే పాత ఓనరు కాలు బరువు అనుకోండి. స్టీరింగ్ నున్నగా మెరుస్తోందంటే ఆయన చేతికి చెమట ఎక్కువ. టైరు పక్కన 2316 అని నాలుగంకెలు కనపడితే అది 2016లో 23వ వారం తయారైన టైరని కొందరు చదువుకున్నవాళ్లు చెప్తారు. ఆ 9 లెక్క దీనికీ వేసుకోండి. 2, 3, 1, 6 కలిపితే 12, మళ్లీ కలిపితే 3. గురువు గారి అంకె. ఆ టైరు బాగుంటుంది.

"డాక్టరు గారు వాడిన బండి సార్" అన్నాడంటే ఇక కళ్లు మూసుకుని కొనేయండి. మన రెండు రాష్ట్రాల్లో అమ్మకానికి ఉన్న డాక్టరు గారి బండ్లన్నీ నిజంగా డాక్టర్లవే అయితే ఆసుపత్రుల దగ్గర పార్కింగ్ సమస్యే ఉండేది కాదు, అది వేరే సంగతి.

5. ఇంజిన్ ఆయిల్ మూత తీసి చూడకండి. తీస్తే లోపల పాలమీగడలా తెల్లటి జిడ్డు కనపడొచ్చు. ఆయిల్లో నీళ్లు కలిశాయనీ, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చనీ దానర్థం. తెలియని జబ్బుకు మందు కొనక్కర్లేదు.

6. వరద చూసిన బండి దొరికితే అస్సలు వదలకండి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు అద్దాల దాకా మునిగాయి. అలాంటి బండి ఒక్కసారి కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మారిస్తే ధర లక్ష తగ్గుతుంది. ఆ లక్ష మీ తెలివికి వచ్చిన జీతం. సీటు బెల్టు చివరిదాకా లాగితే మట్టిచార కనపడుతుంది, కాబట్టి లాగకండి. (ఎలాగూ పెట్టుకోరు.) సీటు పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద సన్నటి బురద ఉంటే సంతోషించండి. బుడమేరు ఒండ్రుమట్టి ఊరికే వస్తోంది. వైర్లలో తేమ ఆరు నెలల తర్వాతగానీ పని మొదలెట్టదు. అప్పుడు ఒకరోజు వైపరు వేస్తే హారన్ మోగుతుంది. దాన్ని కొత్త ఫీచరుగా చుట్టాలకు చూపించండి.

7. కాగితాలు. ఇక్కడే మగాడెవరో తేలుతుంది.

కారు అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు చెప్పాలని మోటారు వాహనాల చట్టం. అందుకు ఫారం 29, ఫారం 30. ఆర్సీ మీద బ్యాంకు పేరుంటే బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 కూడా. మీరు మాత్రం అమ్మేవాడితో ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, మడత పెట్టి, గ్లవ్ బాక్సులో దాచండి. "వచ్చే వారం ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటా అన్నా" అనండి. ఆ వచ్చే వారం రాకుండా చూసుకోవడం మీ పని.

లాభాలు చూడండి. రాంగ్ రూట్‌లో వెళ్తే ఈ-చలానా ఆయనకు పోతుంది. సిగ్నల్ దాటితే ఆయన ఫోటో అనుకుని మీ ఫోటో ఆయన ఇంటికి పోతుంది. ప్రమాదం జరిగితే? 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తేల్చింది: కారు ఎన్ని చేతులు మారినా ఆర్సీలో ఎవరి పేరుంటే యజమాని వాళ్లే, నష్టపరిహారం బాధ్యతా వాళ్లదే. అంటే చట్టమే మీ పక్షాన ఉంది. ఇన్సూరెన్సు కూడా పాత పేరు మీదే ఉండనివ్వండి. పాలసీ మీ పేరుకు మార్పించుకోకపోతే మీ బంపరు పగిలినప్పుడు కంపెనీ రూపాయి ఇవ్వనంటుంది. అప్పుడు "ఇన్సూరెన్సు వాళ్లంతా దొంగలండీ" అని ఆఫీసులో మధ్యాహ్నం మొత్తం గడపొచ్చు.

హైదరాబాద్‌లో ఉంటూ గుంటూరు నంబరు బండి కొన్నారా? వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి తిప్పితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. దానికి ఫారం 28, పైగా లైఫ్ ట్యాక్సు. ఎవరు తిరుగుతారు? ట్రాఫిక్ పోలీసు ఆపితే "పెళ్లికొచ్చాం సార్" అనండి. నాలుగో ఏడాది కూడా అదే పెళ్లి.

8. పూజకు మాత్రం వెనకాడకండి. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద స్వస్తిక్, అద్దానికి ఎర్రదారం. దీనికయ్యే ఖర్చు వీల్ అలైన్‌మెంట్ ఖర్చును దాటాలి. రేపు బండి ఎడమకు లాగితే అదేదో శక్తి లాగుతోందని చెప్పుకోవడానికి వీలుంటుంది.

9. ఇంజిన్ ఆయిల్ మార్చడం సర్వీస్ సెంటర్ల వ్యాపారం. తగ్గినప్పుడు పైన కాస్త పోస్తే చాలు. ఏ బ్రాండు, ఏ గ్రేడు అని చూడకండి, మెకానిక్ దగ్గర ఆటోకు పోసి మిగిలిందేదో పోయించండి. డిప్ స్టిక్ మీద నల్లటి గుజ్జు కనపడితే అది అనుభవం.

10. రేడియేటర్‌లో కూలెంట్ పోయకండి, దానికి డబ్బులవుతాయి. బోరు నీళ్లు పోయండి. మీ ఇంటి గీజరు కాయిల్‌కు తెల్లటి పెచ్చు కట్టించిన నీళ్లే రేడియేటర్ సన్న గొట్టాలకూ కట్టిస్తాయి. మే నెలలో ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. లేస్తే దాని మీద చిన్న వెంకటేశ్వరస్వామి స్టిక్కర్ అంటించండి. ముల్లు కనపడదు, భక్తి కనపడుతుంది. బండి ఆపకండి, ఇంకో నాలుగు కిలోమీటర్లేగా. ఆ నాలుగు కిలోమీటర్లలో అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగుతుంది. బానెట్ నుంచి ఆవిరి వచ్చాక దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి. ఈ పేజీలో నిజంగా చెబుతున్న సలహా ఇదొక్కటే. చెయ్యి కాలితే ఎవరినో తిడుతూ ఫోన్ పట్టుకోవడం కష్టం.

11. టైమింగ్ బెల్టు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇంత చిన్న ఖర్చు మిగుల్చుకుని ఇంత పెద్ద ఫలితం సాధించే అవకాశం కారులో ఇంకెక్కడా లేదు.

శాంత్రోలో, పాత 800 సీసీ ఆల్టోలో ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ మూత వెనక పళ్లున్న రబ్బరు బెల్టు ఒకటి తిరుగుతుంది. ఇంజిన్లో కింద పిస్టన్లు, పైన వాల్వులు ఒకదానికొకటి తగలకుండా తాళం వేసేది అదే. కంపెనీ పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లకు మార్చమని రాసి ఉంటుంది. ఆ పుస్తకం డాక్టరు గారి దగ్గరే ఉండిపోయింది కాబట్టి మీకు తెలిసే అవకాశం లేదు. మంచిది. మెకానిక్ ఎప్పుడైనా "సార్, టైమింగ్ బెల్టు మార్చిన గుర్తుందా?" అంటే "మొన్ననే" అనండి. ఏ మొన్న అని అడగడు.

ఈ బెల్టులో గొప్పతనం ఏమిటంటే ముందుగా కూత పెట్టదు, పొగ వదలదు, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగించదు. తెగేదాకా బాగుంటుంది. తెగిన క్షణంలో చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. హెడ్ దించాలి, వాల్వులు మార్చాలి, బిల్లు చూస్తే కారు ధరలో సగం. అప్పుడు మీరనాల్సిన మాట: "నిన్నటిదాకా సూపర్‌గా నడిచింది." ఇది నిజం కూడా. నిజంతో అబద్ధం పని చేయించడం ఈ బెల్టు దగ్గరే నేర్చుకోవాలి.

ఆల్టో కె10 లాంటి వాటికి బెల్టు బదులు చైను ఉంటుంది. చైనును ఆయిల్ కాపాడుతుంది. తొమ్మిదో చిట్కా పాటిస్తున్నారుగా, కంగారు లేదు.

12. ఏసీ చల్లగా రాకపోతే ప్రతి మార్చిలో గ్యాస్ కొట్టించండి. గ్యాస్ ఖర్చయిపోయే వస్తువు కాదు, ఎక్కడో కారిపోతేనే తగ్గుతుంది. ఆ ఎక్కడో అన్నది వెతకమని చెప్పకండి. వెతికితే దొరుకుతుంది, దొరికితే వచ్చే మార్చికి మీకు పనుండదు.

13. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే నల్ల ఇన్సులేషన్ టేపు. చప్పుడొస్తే పాటల సౌండు.

14. బ్యాటరీ దిగిపోతే మార్చకండి. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ ఉన్నాడు, రెండో అంతస్తులో జిమ్‌కు వెళ్లే కుర్రాడున్నాడు. రెండో గేరులో పెట్టి, క్లచ్ తొక్కి, "తోయండి బాబూ" అనండి. వాళ్లకు వ్యాయామం, మీకు స్నేహాలు. వాచ్‌మన్ సెలవు పెట్టిన రోజు మీరూ సెలవు పెట్టండి.

15. నెలల తరబడి కదలని కారులో ఎలకలు కాపురం పెడతాయి. వైర్లు కొరికి, ఎయిర్ ఫిల్టర్‌లో పిల్లల్ని కంటాయి. తెలిసినవాళ్లు బానెట్ కింద పొగాకు కాడలు కడతారు. మీరు కట్టకండి. వైరింగ్ పోయిందంటే ఎలకల మీదికి నెట్టేయొచ్చు. మీరు పదిహేను చోట్ల అతుకేయించిన సంగతి ఇక ఎవరూ అడగరు.

16. సాకుల జాబితా ఫోనులో పెట్టుకోండి. మైలేజీ పడిపోతే పెట్రోలు బంకువాడు కల్తీ చేశాడు. సస్పెన్షన్ పోతే రోడ్లు. క్లచ్ ప్లేటు అరిగితే భార్య నడిపింది (ఆమె లేనప్పుడు అనండి). ఏదీ కుదరకపోతే దిష్టి. పక్కింటివాడు మొన్న "కారు బాగుందండీ" అన్నాడు కదా.

17. అమ్మడం. ఆర్సీ చెల్లే కాలం పదిహేనేళ్లు. దాటితే ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి, ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 అయింది. అందుకని గడువుకు నెల ముందే వదిలించుకోండి. బయటివాడికి అమ్మకండి, వాడు మెకానిక్‌తో వస్తాడు. చుట్టాల్లో చూడండి. తోడల్లుడయితే శ్రేష్ఠం, మొహమాటానికి ఆయిల్ మూత తీయలేడు. డ్యాష్‌బోర్డుకు పాలిష్, టైర్లకు నల్లరంగు, సీటు కింద కాఫీ పొడి పొట్లం. గ్లవ్ బాక్సులోని ఆ ఖాళీ ఫారాలు అలాగే ఉన్నాయిగా, తేదీ వేయకుండా ఆయన చేతిలో పెట్టండి.

ధర చెప్పేటప్పుడు మీరు కొన్న రేటు, పూజ ఖర్చు, అయిదుసార్ల ఏసీ గ్యాస్, సీటు కవర్లు అన్నీ కలపండి. ఆయన నీళ్లు నములుతుంటే మీరే పదివేలు తగ్గించి, "మనలో మనకేంటి తోడల్లుడు గారూ" అనండి. తాళాలు ఇచ్చాక మాత్రం ట్యాంకులో రెండు లీటర్ల పెట్రోలుందని గుర్తు చేసి, ఆ డబ్బులు విడిగా తీసుకోండి.