ఉక్కుబండి పద్యానికి టీకా తాత్పర్యం

ఉక్కు బండి యొకటి యొరిజిన లన్నియు
చిన్న పనియె చాలు చేసికొనిన
నైదు మూడు నొకటి యంటించి యున్నది
రండు కొనుడు వేళ రాదు మరల

అవతారిక: 1960, 70 దశకాల నాటి ప్యూజో పీఎక్స్-10 అనే రేసు సైకిలును అమ్మజూపుతూ ఫ్రాన్సు దేశపు వర్తకుడు పలికే పద్యమిది. ఛందస్సు ఆటవెలది. నాలుగు పాదాల్లోనూ యతులు కుదిరాయి. ఈ బేరం మొత్తంలో ఇట్టే కుదిరేవి అవే గనుక ముందుగా చెప్పి ఉంచుతున్నాను.

ప్రతిపదార్థం: ఉక్కు బండి = ఉక్కు గొట్టాలతో చేసిన సైకిలు; ఒకటి = ఒక్కటే (స్పేర్లకోసం దాచిన రెండోదాని సంగతి అడిగితేనే చెబుతాడు); అన్నియు ఒరిజినలు = ఏ భాగాన్నీ ఎవరూ మార్చలేదు, తుప్పుతో సహా; చిన్న పనియె = (దీనికి వేరే టీక కావాలి); చేసికొనినన్ = నీవే చేసుకుంటే, అనగా నేను చేయను; ఐదు మూడు ఒకటి = 531 అనే అంకె; రండు, కొనుడు = స్పష్టం; వేళ = అదను; మరల = మళ్లీ.

టీక: 'ఉక్కు' అన్న మాట ఊరికే పడలేదు. ప్యూజో ఇంటివారికి ఉక్కు కులవిద్య. రంపాలు చేశారు, 1840లో కాఫీ గింజలు విసిరే మరలు చేశారు, రంపపు పళ్ల పటుత్వానికి గుర్తుగా సింహం బొమ్మను 1858లో నమోదు చేయించారు, 1882లో సైకిళ్లకు దిగారు. సైకిలు పందేల వీరుడు ఎడ్డీ మెర్క్స్ వారి జట్టులో ఉండగానే 1966లోనూ 1967లోనూ మిలాన్-సాన్‌రెమో పందెం గెలిచాడు. వర్తకుడు ఈ సంగతి బేరంలో కనీసం రెండుసార్లు ఎత్తుతాడు.

'ఐదు మూడు ఒకటి': రెనాల్డ్స్ 531 అనే మాంగనీసు-మాలిబ్డినం ఉక్కు. 1935లో పుట్టింది. గొట్టం గోడ చివర్లలో మందం, నడుమ పలుచన. అతుకు దగ్గర బలం చిక్కుతుంది, పొడవునా బరువు తగ్గుతుంది. బండి మొత్తం తూగేది పది కిలోల చిల్లర. ఇంతకీ ఈ ఉక్కు ఊరు బర్మింగ్‌హామ్. ఫ్రెంచివారి గర్వకారణమైన బండికి ఎముకలు ఇంగ్లీషువారివన్నమాట. ఇక 'అంటించి యున్నది' అనడంలో కవి గడుసుదనం చూడండి. ఉన్నది అనలేదు, అంటించి ఉన్నది అన్నాడు. ఆ కాలపు ఫ్రెంచి స్టిక్కర్లలో కొన్ని 'మూడు గొట్టాలు మాత్రమే' అని చిన్న అక్షరాలతో ఒప్పుకుంటాయి. పీఎక్స్-10కి ఫోర్కుతో సహా అంతా 531యే. అయినా కళ్లజోడు పెట్టుకుని చదివితే నష్టం లేదు.

'ఒరిజిన లన్నియు' పొగడ్తే, కాదనను. కాని గేరు మార్చే సింప్లెక్స్ యంత్రాంగం ఒరిజినలే అంటే డెల్రిన్ అనే ప్లాస్టిక్కు కూడా ఒరిజినలే. అది వయసుతో పగుళ్లిస్తుంది.

'చిన్న పనియె'. వ్యాఖ్యాత నిద్ర పోగొట్టే పదమిదే. పెడలు మార్చాలి, అంతేగా అంటాడు వర్తకుడు. లోకంలో తక్కిన పెడళ్ల మర వ్యాసం అంగుళంలో 16 పాళ్లకు 9 పాళ్లు, అంటే 14.29 మిల్లీమీటర్లు. ఫ్రెంచి మర 14. కొత్త పెడలు కొంతవరకు ప్రేమగా దూరుతుంది, ఆపైన మరచుట్లను తినేస్తుంది. సరే, పెడలును మోసే క్రాంకునే ఊడదీద్దామంటే పాత స్ట్రాంగ్‌లైట్ క్రాంకుకు 23.35 మిల్లీమీటర్ల పుల్లర్ కావాలి. అందరి దగ్గరా ఉండేది 22ది. హ్యాండిల్ మోసే కాడ 22.0. దుకాణంలో దొరికేది 22.2. ఆ రెండు పదోవంతుల కోసం గరుకు కాగితం పట్టుకుని ఓ ఆదివారం గడుపుతాడు కొన్నవాడు. వాణ్ని పలకరించకూడదు.

శంక: క్రాంకు ఇరుసుకు రెండు పక్కలా ఉండే కప్పుల మాటేమిటి?

సమాధానం: ఇంగ్లీషు పద్ధతిలో కుడి కప్పుకు ఎడమ మర, అంటే ఎడమకు తిప్పితే బిగిసేది. ఫ్రెంచి పద్ధతిలో 35 మిల్లీమీటర్ల కప్పులు రెండింటికీ కుడి మరే. కుడివైపు నుంచి చూస్తే ఇరుసు గడియారం ముల్లులా తిరుగుతుంది. ఆ తిరుగుడుకు కప్పు తన గూట్లో ఎదురు దిక్కుగా ఇసుమంత ఇసుమంత జరుగుతుంది. ఎడమ మరైతే ఆ జరగడం బిగింపవుతుంది. కుడి మరైతే వదులవుతుంది. అందుచేత తొక్కేకొద్దీ విడిపోవడం ఈ బండికి తప్పు కాదు, స్వభావం. ప్రాణం పెట్టి బిగిస్తే ఆగుతుంది. అంత బిగించినదాన్ని తర్వాత విప్పడం మరో చిన్న పని.

పూర్వపక్షం: ఇంత తెలిసీ ఎందుకు కొంటారు? సిద్ధాంతం: ఒకసారి ఎక్కి కిలోమీటరు తొక్కి అడగండి. పలుచని ఉక్కు గరుకు రోడ్డు అదురును చేతుల దాకా రానీయకుండా కొంతైనా తానే మింగుతుంది. మఫాక్ బ్రేకులు మాత్రం వీధి చివరిదాకా వినబడేలా కూస్తాయి. దాన్ని ప్రయాణపు వాద్యంగా భావించాలి.

తాత్పర్యం: ఓ కొనువాడా, బండి నాది, పని నీది.

విశేషం: 'మరల' అన్నచోట కవికి తెలియకుండానే శ్లేష పడింది. మరల అంటే మళ్లీ, మరల అంటే మరలయొక్క. 'మరల వేళ రాదు', అంటే మరలు కుదిరే ఘడియ రాదు అని రెండో అర్థం. కాఫీ మరలను కూడా కలుపుకుంటే మూడో అర్థం వస్తుంది గాని, అది ప్యూజోవారి పూర్వీకులకే చెల్లు.

పాఠాంతరం: రెండో పాదానికి 'చిన్న పనియె మిగిలెఁ జేసికొనిన' అని మరో పాఠం ఉంది. మొదట కొన్నవాడు రెండేళ్ల తర్వాత అదే బండిని అమ్మజూపినప్పటిది. గణాలు అక్కడా సరిపోయాయి.