‘ఇంకా ఉంది’: టీకా తాత్పర్యం

అవతారిక. మిర్యాలగూడ దాపున ఉన్న త్రిపురారం పేరు కంటబడితే టీకాకారుడి బుద్ధి ఎగిరే ఊళ్ల మీదికి పోతుంది. ఊరికి ఆ పేరెలా వచ్చిందన్నది వేరే తగువు, దాన్ని ఊరివాళ్లకే వదిలేద్దాం. కథ మాత్రం అందరిదీ. తారకాసురుడి ముగ్గురు కొడుకులకు మయుడు మూడు పురాలు కట్టాడు: బంగారుది స్వర్గంలో, వెండిది ఆకాశంలో, ఇనుముది నేల మీద. వెయ్యేళ్లకొకమారు మూడూ ఒక్క వరసలోకి వచ్చినప్పుడు ఒకే బాణంతో కూల్చగలిగితేనే వాళ్లకు చావు. శివుడు భూమిని రథం చేసుకుని, సూర్యచంద్రులను చక్రాలుగా బిగించి, మేరువును విల్లుగా పట్టాడు. ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో ‘ఆల్-స్టోరీ’ అనే అమెరికా పత్రికలో ఒక కత్తివీరుణ్ణి అంగారకుడి మీదికి పంపి కొత్త రకం కథకు దారి తీశాడంటారు. సరుకు చూస్తే మనకేం కొత్త కాదు. కొత్తది ఒకటే ఉంది, అదీ కథలో లేదు, కథ అడుగున బ్రాకెట్ల మధ్య ఉంది.

మూలం. ‘వీరుడు కత్తి దూశాడు. ఆకాశం ఎర్రబడింది. (ఇంకా ఉంది)’. ఇది ఏ ఒక్క పుస్తకంలోనిదీ కాదు. చౌక కాగితం మీద అచ్చయిన సాహసకథలన్నీ చేరి రాసుకున్న మహావాక్యం.

ప్రతిపదార్థం. వీరుడు = పేరు మారినా మనిషి మారనివాడు; కత్తి = తుపాకీ ఉన్నచోట కూడా వదలనిది; ఆకాశం = మనది కానిది; ఇంకా ఉంది = ఇక్కడ శ్లేష ఉంది, కాస్త ఆగాలి. ఒక అర్థం కాలానిది: కథ అయిపోలేదు, వచ్చే నెల కూడా కొనుక్కో. రెండో అర్థం చోటుది: నీకు తెలిసిన లోకానికి అవతల ఇంకో లోకం ఉంది. ఈ కథల ఆకర్షణంతా రెండో అర్థంలోంచి, దోషాలు చాలామట్టుకు మొదటి అర్థంలోంచి పుట్టాయని ఈ టీక వాదన. పాఠకుడు చోటు కోసం వస్తాడు, రచయిత నెల కోసం రాస్తాడు.

ముందు చోటు సంగతి. 1877లో ఇటలీ ఖగోళవేత్త స్కియాపరెల్లి అంగారకుడి మీద గీతలు చూసి ‘కనాలి’ అన్నాడు. ఆయన భాషలో ఆ మాటకు సహజమైన పాయలన్న అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అవి తవ్విన కాలువలయ్యాయి. పెర్సివల్ లోవెల్ దాన్ని పట్టుకుని, ఎండిపోతున్న ఆ గ్రహం మీద ధ్రువాల మంచునీటిని పొలాలకు మళ్లించే జాతి ఒకటుందని 1895లో ఏకంగా పుస్తకమే రాశాడు. బరోస్ తన కథల్లోని అంగారకుణ్ణి, అంటే బార్సూమ్‌ను, ఆ ఎండిన సముద్రాల మీదే నిలబెట్టాడు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసే త్రిపురారం, మిర్యాలగూడ, కోదాడ రైతుకు ఈ ఊహ వింతగా తోచదు: నీళ్లు ఒకచోట, నేల ఒకచోట, నడుమ తూము దగ్గర కొట్లాట. 1965లో మారినర్ 4 అంతరిక్ష నౌక పంపిన ఫొటోల్లో గుంతలు కనబడ్డాయి గాని కాలువల జాడ లేదు. అంగారకుడి కాలువలు అలా పూడిపోయిన రెండేళ్లకు, 1967 ఆగస్టులో, మన కాలువలకు నీళ్లు వదిలారు. మరి కాలువే అబద్ధమైతే కథ బతికేదెట్లా అని శంక. కథకు కావలసింది నిజమైన చోటు కాదు, పోయి చూసి రాలేని చోటు. బరోస్ దాన్ని ఆనాటి సైన్సు దగ్గర అప్పు తెచ్చాడు, సైన్సు అప్పు వసూలు చేసుకుంది. 1954లో చందమామలో మొదలైన సీరియల్ ‘తోకచుక్క’ ఎవరికీ బాకీ లేదు. అందులోని సమరసేనుడి కుండలినీ ద్వీపం, ఏకాక్షి, చతుర్నేత్రుడు ఏ పటంలోనూ లేరు కనక వాళ్లను ఏ ఉపగ్రహమూ ఏమీ చేయలేదు.

ఇక నెల. కాలువకు వారబందీ, అంటే వంతులవారీగా నీళ్లు వదిలే పద్ధతి, ఉన్నట్టే సీరియల్‌కు నెలబందీ. వచ్చిన కాసిని నీళ్లతో ఆ నెల మడి తడవాలి, పై నెలకు దాహం మిగలాలి. కత్తి అవసరం ఇక్కడే తెలుస్తుంది. బార్సూమ్‌లో రేడియం తుపాకులున్నాయి, ఎగిరే ఓడలున్నాయి. అయినా ఎదుటివాడి ఆయుధం కంటే మేలైనది వాడకూడదని అక్కడ ఆచారం పెట్టారు. అది ధర్మం కాదు, కథనపు లెక్క. తుపాకీతో పోరాటం ఒక్క వాక్యంలో తీరుతుంది. కత్తి అయితే రెండు పేజీలు సాగుతుంది, చేయిచాపు దూరంలో మాటలు నడుస్తాయి, బొమ్మలో రెండు ముఖాలూ పడతాయి. చందమామలో చిత్రా గీసిన బొమ్మలకు ఆ దూరమే ప్రాణం. అదే నెలబందీ వల్ల, వీరుడు లోయలో పడగానే కింద తీగ ఉంటుంది, చెరలో పడగానే కాపలావాడు పాత స్నేహితుడవుతాడు, చచ్చిన మాంత్రికుడు మళ్లీ లేస్తాడు.

పూర్వపక్షి వదలడు: డికెన్స్ కూడా 1836 నుంచి నెలనెలా భాగాలుగానే రాశాడు, ఆయన మనుషులు అట్టముక్కలు కాలేదు గదా అంటాడు. గట్టి మాటే, దీనికి మొదటి ప్రతిపాదన కొంచెం సడలించక తప్పదు. నెల ఒక్కటే దోషి కాదు. నెలకు చోటు తోడైనప్పుడే మనిషి నష్టపోతాడు. డికెన్స్ తెలిసిన లోకం దాటి పోలేడు, కాబట్టి పై నెలకు మనిషినే మార్చాలి. అడవి అయిపోతే ఎడారి, ఎడారి అయిపోతే పాతాళం చేతిలో ఉన్న రచయిత మనిషిని మార్చే కష్టం ఎందుకు పడతాడు? ఆకర్షణ ఏ తలుపు గుండా వచ్చిందో దోషమూ ఆ తలుపు గుండానే వచ్చింది.

పాఠభేదం. బరోస్ తన పేరు పెట్టడానికి జంకి, ‘నార్మల్ బీన్’ అని రాసి పంపాడు; నా బుర్ర సరిగ్గానే ఉంది అని భావం. అచ్చులో అది ‘నార్మన్ బీన్’గా దిద్దుబాటైంది. మతి బాగానే ఉందన్న ఒక్క హామీ కూడా అలా పోయింది. చందమామవారు ఆ బాధే లేకుండా సీరియల్‌కు పేరే వేయలేదు. అవి రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని చాలామందికి ఎన్నో ఏళ్లకు గాని తెలియలేదు.

నెల మీదికి నెట్టలేని దోషాలూ ఉన్నాయి. బార్సూమ్ రాజకుమారి డేజా తోరిస్ గుడ్డు పెడుతుంది. ఇంత వింత చెప్పి, ఆమెకు అదెలా తోచిందో బరోస్ ఒక్క ముక్క రాయడు; అపహరణ, రక్షణ, మళ్లీ అపహరణ. అంగారక జాతులను ఒంటిరంగుతో విడగొట్టడం కూడా తొందరలో దొర్లిన తప్పు కాదు, చూపులో ఉన్న తప్పు. ఇది కాలధర్మం, అందరూ అలాగే రాశారు అనేవారికి చందమామ సీరియల్ ‘శిథిలాలయం’ చూపించాలి. అందులో సవరగూడెం యువకుడు శిఖిముఖి వీరుడు, అడవి అతని ఇల్లు. నెలబందీ అక్కడా ఉంది, తీగలూ యాదృచ్ఛికాలూ అక్కడా ఉన్నాయి. చూపు మాత్రం వేరు. రాజకుమార్తెల విషయంలో మనవాళ్లు మరీ గొప్పగా ఏం లేరు, ఆ మాట కూడా అనుకోవాలి.

చివరి ఆక్షేపణ పురాణపక్షం వారిది: చచ్చిన మాంత్రికుడు మళ్లీ లేవడం దోషమైతే త్రిపురాల సంగతేమిటి? భాగవతంలో మయుడు అమృతరసంతో బావి కట్టాడు, కూలిన రాక్షసులను అందులో వేస్తే లేచి వస్తారు. నిజమే. కానీ పురాణం ఆ బావిని శత్రువు బలంగా లెక్కకట్టింది. విష్ణువు ఆవుగా, బ్రహ్మ దూడగా పోయి అది మొత్తం తాగేశారు. ఆ తరువాతే ఒక్క బాణం. పురాణం చెప్పేవాడికి వచ్చే నెల సంచిక లేదు. సీరియల్ రచయితకు ఉంది, కాబట్టి ఆ బావి ఛాయలకు ఏ ఆవునూ రానివ్వడు.