ఉప్పాడలో నేను తీయని ఫొటో

ఉప్పాడ ఫొటోలు నా దగ్గర వందలకొద్దీ ఉన్నాయి. వాటిలో ఊరు మాత్రం లేదు. అన్నీ సూర్యోదయాలే, లేదంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి పొగమంచులా తీసిన అలలు. తెల్లవారకముందే కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీద వెళ్లి, ఎండెక్కగానే వెనక్కి వచ్చేసేవాణ్ణి. కరెంటు తీగలు, నీలం టార్పాలిన్లు, ఆరేసిన లుంగీలు ఫ్రేములో పడకుండా పక్కకు జరిగేవాణ్ణి. అయినా పడినవాటిని ఇంటికొచ్చి కంప్యూటర్లో చెరిపేసేవాణ్ణి. అదే పనితనమని నమ్మాను.

ఆ ఊరి సంగతి తెలియక కాదు. కాకినాడకు హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండి కెరటాల దెబ్బ కాస్తుంది. ఉత్తరాన ఉన్న ఉప్పాడకు ఆ కాపు లేదు. సముద్రం ఏళ్ల తరబడి నేలను కోసుకుపోతోంది. ఇసుక నింపిన జియోట్యూబులు వేశారు, బండరాళ్లు పోశారు, అవీ దెబ్బతిన్నాయి. పేపర్లో ఇవన్నీ చదువుతూనే, కూలుతున్న గోడల వైపు నేను కెమెరా తిప్పలేదు.

ఒక పొద్దున ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్న పెద్దావిడ పిలిచింది. "బాబుగారూ, మా ఇల్లొకటి తియ్యండి. వచ్చే తుపానుకి ఉంటాదో ఉండదో." వెలుతురు బాగాలేదమ్మా, మళ్లీ వచ్చినప్పుడు తీస్తానన్నాను. పసుపు రాసిన గడప, ఒరిగిన గోడ, దానికి ఆనించిన తెడ్లు నా కళ్లకు ఆనలేదు. మళ్లీ వెళ్లేసరికి అక్కడ రాళ్లగుట్ట ఉంది. తాము అక్కడ బతికామనడానికి ఆమె ఒక ఆనవాలు అడిగింది. నాకు క్షణం పని. చేయలేదు. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఫొటోగ్రాఫర్ క్రిస్ కిలిప్ తీసిన ఫొటోలను ఆ తర్వాతే నిదానంగా చూశాను. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లైన్‌మౌత్‌లో, సముద్రం ఒడ్డుకు తోసిన బొగ్గు ఏరుకుని బతికేవాళ్లను ఆయన తీశారు. మొదట వాళ్లు దగ్గరికి రానివ్వలేదు. 1982లో రానిచ్చాక, ఒక కారవాన్ తెచ్చుకుని వాళ్ల మధ్యే ఉన్నారు. గుర్రబ్బండ్లు, బురద, మసకబారిన ఆకాశం. అలాంటి ఆకాశం ఉన్న రోజు నేనైతే కెమెరా బయటికే తీసేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఉప్పాడకు చేపల వేట నిషేధం రోజుల్లో వెళ్తున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. వలలు కుట్టుకుంటారు, బోట్లకు రంగులేస్తారు, మాట్లాడే తీరిక ఉంటుంది. ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్లను, జాందానీ చీరలు నేసే గుంటమగ్గాలను, కిరాణా కొట్లను, అడిగి, మిట్టమధ్యాహ్నపు ఎండలోనైనా తీస్తున్నాను. ప్రింట్లు వేయించి వాళ్ల చేతికే ఇస్తున్నాను. ఫోనుకు పంపితే ఫోనుతోపాటే పోతాయి.

మీదీ సముద్రం కోస్తున్న ఊరో, ప్రాజెక్టు కింద మునగబోయే ఊరో అయితే, మీ గుమ్మాన్నీ మీ వీధినీ తీగలతో సహా ఈ వారమే ఫొటో తీయండి. ప్రింటు వెనక తేదీ, ఇంటివాళ్ల పేర్లు రాసి పెట్టండి.